బడి విడిచాక బిడ్డ ఎవరి దగ్గర? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: తిరుపతి, చిత్తూరు జిల్లాల శ్రోతలందరికీ నమస్కారం. కొండమీద డ్యూటీలు, ఆసుపత్రుల్లో షిఫ్టులు, రేణిగుంట వైపు ఫ్యాక్టరీ పనులు. ఇంట్లో అవ్వాతాతా లేకపోతే బడికి ముందు, బడి విడిచాక పిల్లల్ని ఎక్కడో ఒకచోట వదలక తప్పదు. అక్కడ వాళ్లని ఎలా చూస్తున్నారో తెలుసుకోవడం ఎలా? జవాబులు చెప్పడానికి పిల్లల వైద్యురాలు మన స్టూడియోకి వచ్చారు. మొదటి కాల్ కొర్లగుంట నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే మేడమ్. నేను నర్సుగా చేస్తా ఉండాను. మా ఆయనది రేణిగుంటలో పని. పిల్లోడికి ఏడేండ్లు, రెండో తరగతి. పొద్దన్నే ఏడింటికి డేకేర్‌లో వదిలేసి డ్యూటీకి పోతాను. వాళ్లే బడి ఆటో ఎక్కిస్తారు, సాయంత్రం ఆటో మళ్లా వాళ్ల దగ్గరే దింపుతాది. నేను పొయ్యేతలికి ఆరున్నర. హోంవర్కంతా రాయించేసి, తల దువ్వి నీటుగా కూర్చోబెట్టుంటారు. నెల నుంచి ఏమైందంటే, ఇంటికి రాంగానే బాత్రూముకి పరిగెత్తుతా ఉండాడు. ఒకట్రెండు సార్లు దావలోనే నిక్కరు తడిపేసుకున్నాడు. అడిగితే నోరు తెరవడు. వాళ్లనడిగితే ‘మీవాడు శానా బుద్ధిమంతుడమ్మా, కూర్చున్నచోటు నుంచి కదలడు’ అంటారు.

డాక్టర్: నాకు ఆ కదలడు అన్న మాట దగ్గరే దిగులుగా ఉందమ్మా. బడిలో అంతసేపు కూర్చుని వచ్చిన ఏడేళ్ల పిల్లవాడు ఇంకో రెండు గంటలు కదలడం లేదంటే, కదలనివ్వడం లేదేమో చూడాలి. అక్కడి బాత్రూము కంపు కొడుతుండొచ్చు. తలుపుకి గడియ లేకపోవచ్చు. ‘ఇందాకేగా వెళ్లావు’ అని ఎవరైనా కసిరి ఉండొచ్చు. ఇలా ఆపుకునే పిల్లలు మెల్లగా నీళ్లు తాగడం కూడా తగ్గించేస్తారు. దాంతో మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్. మన తిరుపతి ఎండల్లో ఇది ఇంకా ప్రమాదం. మంట, జ్వరం ఏమైనా ఉన్నాయా?

శ్రోత: మంటగా ఉందని మొన్న అన్నాడు మేడమ్.

డాక్టర్: అయితే రేపే మూత్ర పరీక్ష చేయించండి, ఆలస్యం వద్దు. రోజూ సాయంత్రం వాడి నీళ్ల సీసా ఎత్తి చూడండి, పొద్దున నింపింది నింపినట్టే వస్తోందేమో. తర్వాత, ఏదో ఒక రోజు షిఫ్టు మార్చుకుని, ముందుగా చెప్పకుండా, బడి ఆటో వచ్చే వేళకి అక్కడికి వెళ్లండి. మీరు చూస్తున్నది ఆరున్నరకి తయారుచేసి పెట్టిన పిల్లవాడిని. నాలుగున్నరకి ఎలా ఉంటాడో చూడండి. గుమ్మంలో ఎవరైనా పేరుపెట్టి పిలుస్తున్నారా? తలలు లెక్కపెట్టుకుంటున్నారా? రావాల్సిన పిల్లవాడు రాకపోతే ఇంటికి ఫోన్ చేసేదెవరు? కాళ్లూ చేతులూ కడిగించి ఏదైనా తినడానికి పెడుతున్నారా, దిగీ దిగగానే పుస్తకం తీయిస్తున్నారా? బాత్రూములోకి మీరే వెళ్లి చూడండి.

శ్రోత: చెప్పకుండా పోతే ఏమనుకుంటారో మేడమ్. మా మీద కోపం బిడ్డ మీద చూపిస్తారేమోనని భయం.

డాక్టర్: నా దగ్గరికొచ్చే తల్లులు చాలామంది ఇదే చెప్తారు. కన్నవాళ్లు లోపలికి రావడానికి అడ్డుచెప్పే చోట బిడ్డను ఉంచకండి. ఈ విషయంలో మొహమాటం వద్దు. ఇంకో మాట. సాయంత్రం గేటు దగ్గర తల్లిదండ్రులందరూ అడిగేది ఒకటే, హోంవర్క్ అయిందా అని. మనం ఏది అడిగితే వాళ్లు అదే చేసి చూపిస్తారు. రేపటి నుంచి ఏం తిన్నాడు, ఎవరితో ఆడుకున్నాడు అని అడగండి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మీరు ఇల్లు చేరేసరికి పొద్దు వాలిపోతుంది. ఆ గంట ఆట వాడికి ఆ కేంద్రంలోనే దొరకాలి.

వ్యాఖ్యాత: అడిగితే నోరు తెరవడం లేదంటున్నారు కదా.

డాక్టర్: ఎవరు కొట్టారు, ఎవరు తిట్టారు అని నిలదీస్తే పిల్లలు బిగుసుకుపోతారు. అన్నం కలిపి పెడుతూ ‘అక్కడ బాత్రూముకి వెళ్లాలంటే ఎవర్ని అడగాలి నాన్నా?’ అనండి. నువ్వు ఆయమ్మవి, నేను నువ్వు అని ఆట ఆడించండి. వాడు ఆయమ్మలా ఎలా మాట్లాడతాడో దాంట్లోనే సగం తెలిసిపోతుంది. వినేటప్పుడు మీరు ముఖం మార్చుకోవద్దు. ఒకవేళ ఎవరైనా తప్పుగా ముట్టుకున్నారన్న అనుమానం వస్తే మాత్రం కేంద్రం వాళ్లతో పంచాయితీ పెట్టుకోకండి. నేరుగా పోలీసులకి గానీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ చెప్పండి. పిల్లలపై లైంగిక నేరాల కోసం చేసిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, సంగతి తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలి.

వ్యాఖ్యాత: ఉంటామమ్మా, ముందు ఆ పరీక్ష చేయించండి. చిత్తూరు నుంచి ఒక పెద్దాయన. చెప్పండి సార్.

శ్రోత: మనవరాలికి ఆరేండ్లమ్మా. కోడలు మళ్లా ఉద్యోగంలో చేరతా ఉంది. ఒకచోట చూసినాము. గదికొక కెమెరా పెట్టినారు, ఫోన్లోనే చూసుకోవచ్చంట. చేర్చేదా?

డాక్టర్: కెమెరా ఉంటే మంచిదే బాబాయ్. కానీ పాప కిందపడితే లేపేది మనిషే. ఆ ఆయమ్మలు అక్కడ ఎన్నాళ్ల నుంచి పనిచేస్తున్నారో అడగండి. నెలనెలా మనుషులు మారిపోయే చోట పాప ఎవరికీ దగ్గర కాలేదు. పిల్లలెంతమంది, చూసేవాళ్లెంతమంది అని కూడా అడగండి. ఉద్యోగినుల పిల్లల కోసం పెట్టే క్రెష్‌లకి కేంద్ర ప్రభుత్వం 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. మూడేళ్లు దాటిన 20 మంది పిల్లలకి శిక్షణ ఉన్న మనిషి ఒకరు, తోడుగా ఒక సహాయకురాలు ఉండాలని అందులో ఉంది. బడి పిల్లల కేంద్రాల్లోనూ ఆ మాత్రమైనా ఉండాలని నేనంటాను.

వ్యాఖ్యాత: తిరుపతి నుంచే ఇంకో కాల్. పేరు, చోటు చెప్పనంటున్నారు. పర్లేదమ్మా, మాట్లాడండి.

శ్రోత: నేను అట్లాంటి చోట్లో ఆయాగా చేస్తా ఉండాను మేడమ్. ఇందాక ఆ నర్సమ్మ చెప్పింది విని ఫోన్ చేసినా. మా కాడ ముప్పై అయిదు మంది పిల్లోళ్లు, మేమిద్దరం. ఒకామె వంటింట్లోకి పోతే నేనొక్కదాన్నే. ఒకడ్ని బాత్రూముకి తీసకపోతే మిగిలినోళ్లు గేటు కాడికి ఉరుకుతారు. అవతల రోడ్డు. అందుకే కదలొద్దని కూర్చోబెడతాము. మాకేమన్నా వాళ్ల మీద పగనా? ఆరింటికి రావాల్సినోళ్లు ఏడున్నరకి వస్తారు. మా బిడ్డలు ఇంటికాడ ఎదురుచూస్తా ఉంటారు.

డాక్టర్: మీరు ఫోన్ చేయడం చాలా మంచిదైందమ్మా. ఇద్దరు మనుషులతో ముప్పై అయిదు మందిని చూడమనడం మీకూ అన్యాయం, పిల్లలకీ అన్యాయం. రేపు గేటు దాటి ఒక పిల్లవాడికి ఏదైనా జరిగితే అందరూ ముందు మిమ్మల్నే పట్టుకుంటారు. 2015 బాల న్యాయ చట్టంలో 75వ సెక్షన్ ఉంది. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవాళ్లయినా, దాన్ని నడిపేవాళ్లయినా పిల్లల్ని హింసించినా, బాధ కలిగేలా కావాలని నిర్లక్ష్యం చేసినా 5 ఏళ్ల దాకా కఠిన శిక్ష, 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు. మీ యజమానికి ఈ సంగతి తెలియాలి.

శ్రోత: చెప్తే పని పోతాది మేడమ్.

డాక్టర్: ఒక్కరే వెళ్లకండి, ఇద్దరూ కలిసి వెళ్లండి. రోజంతా మూడో మనిషిని పెట్టమంటే జీతం ఎక్కువని వెనక్కి తగ్గుతారు. నాలుగు నుంచి ఆరున్నర దాకా, ఆ రెండున్నర గంటలకే మనిషి కావాలని అడగండి. ఒకరు గేటూ ఆటా, ఒకరు లోపల, ఒకరు వంటా బాత్రూమూ. ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రుల దగ్గర అదనంగా తీసుకుని ఆ డబ్బు మీకే ఇవ్వమనండి. తల్లిదండ్రులకీ చెప్తున్నాను, నెలకి కొంచెం ఎక్కువ కట్టమంటే, ఏసీ కోసమా, మనిషి కోసమా అని అడగండి. మనిషి కోసమైతే కట్టండి.

శ్రోత: మా వీధిలో డిగ్రీ చదివే ఆడబిడ్డ ఒకతి ఉండాది. ఆ టయానికి ఖాళీనే. వస్తాదేమో అడిగేదా మేడమ్?

డాక్టర్: అడగండి. ఆ అమ్మాయి గురించి మీ యజమాని విచారించుకోవాలి. వచ్చిన కొత్తలో మీ పక్కనే ఉంచుకుని పని నేర్పండి, అప్పుడే ఒంటరిగా పిల్లల్ని అప్పగించొద్దు. ముప్పై అయిదు మంది పేర్లూ నోటికి వచ్చాకే గేటు దగ్గర నిలబెట్టండి.