గొయ్యి పక్కన ఆగిన ట్యాంకర్

శారద: నమస్కారం. రికార్డింగు మొదలైంది బాబాయ్.

సూరిబాబు: సరే, మొదలుపెట్టు.

శారద: ఈ రోజు అంశం, మన విశాఖలో కూడళ్లు విస్తరించేటప్పుడు ప్రమాదకర పదార్థాలతో జాగ్రత్తలు. నాలుగు భాగాలు రాసుకున్నాను. భూమిలో ముందే ఉన్నవి, మనం సైటుకు తెచ్చుకునేవి...

సూరిబాబు: ముందు చేత్తో తవ్వి చూడాలి.

శారద: అక్కడికే వస్తున్నాను.

సూరిబాబు: పొక్లెయిన్ దించడానికి ముందు పారతో మీటరు వెడల్పు గొయ్యి తవ్వి చూడాలమ్మా. పటంలో గీత ఒకచోట, గొట్టం మరొకచోట. రోడ్డును ఎన్నిసార్లు ఎత్తు పెంచారో, ఎన్నిసార్లు పక్కకు జరిపారో పటానికి తెలియదు.

శారద: ఆ పాత నీళ్ల గొట్టం సంగతి చెప్పండి.

సూరిబాబు: గాజువాక వైపు ఒక కూడలిలో చూశాను. బూడిద రంగు ఆస్బెస్టాస్ సిమెంటు గొట్టం అడ్డం వచ్చింది. ఇరవై ఏళ్లు కూడా లేని కుర్రాడు రాళ్లు కోసే మిషను పట్టుకుని పొడిగానే కోసేస్తున్నాడు. ముక్కుకు చేతిరుమాలు. కనురెప్పల వెంట్రుకల మీద తెల్లటి పొడి పేరుకుంది. ఆపమంటే, "సిమెంటు దుమ్మే కదండీ" అన్నాడు. ఆ ఆస్బెస్టాస్ నార ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు బయటపడటానికి ఇరవై, ముప్ఫై ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆ గుత్తేదారు ఎక్కడ, ఈ కుర్రాడు ఎక్కడ? తడిపి, కోయకుండా అతుకుల దగ్గర విప్పి తీయాలి. మందపాటి సంచిలో కట్టి, పేరు రాసి పంపాలి. ఆ రోజు అన్నం సహించలేదు నాకు.

శారద: మరి పాత పెట్రోలు బంకు ఉన్న చోటైతే?

సూరిబాబు: మట్టిలో పెట్రోలు వాసన వస్తుంది. వస్తే పని ఆపాలి. ఆ మట్టిని వేరే కుప్ప పోసి, కింద పట్టా పరిచి, పైన కప్పాలి. వాన వచ్చిందంటే మొత్తం కాలువలోకి, అక్కడి నుంచి సముద్రంలోకి.

శారద: సరే, రెండోది, సైటుకు తెచ్చుకునేవి. డీజిలు పీపాలు, గ్యాస్ సిలిండర్లు, తారు. తారు 150 డిగ్రీల దగ్గర ఉంటుంది. అందులో నీళ్లు పడితే ఆవిరై సుమారు 1,700 రెట్లు వ్యాపిస్తుంది, పాత్ర పొంగి మనిషి మీద పడుతుంది. మన దగ్గర వాన చెప్పి రాదు, కాబట్టి మూత ఉండాలి. మూడోది, రోడ్డు మీద వెళ్లే ట్యాంకర్లు. కూడలి పనులు జరిగినన్నాళ్లూ వాటిని రాత్రి పదకొండు తర్వాతే పంపాలని నా అభిప్రాయం.

సూరిబాబు: అలా వద్దు.

శారద: ఎందుకు వద్దు? పగలు స్కూలు బస్సులు, ఆటోలు, నడిచేవాళ్లు.

సూరిబాబు: మరి తారు ఎప్పుడు వేస్తారు? రాత్రి పదకొండు తర్వాతే కదా. జనం లేని వేళ చూసి పని పెట్టుకుంటాం, అదే వేళ చూసి ట్యాంకర్లనూ వదులుతాం. ఒకవైపు బర్నరు మండుతుంటుంది, పక్కనే మిగిలిన ఒకే వరుసలో గ్యాస్ ట్యాంకర్ ఆగి ఉంటుంది. కాగితం మీద రెండూ సరైన నిర్ణయాలే.

శారద: అయితే పగలు పంపమంటారా?

సూరిబాబు: పగలని కాదు. తారు వేసే రాత్రి ఏదో ముందే చెప్పి, ఆ రాత్రి వాటిని వేరే దారిన పంపాలి.

శారద: వేరే దారి ఎక్కడుంది బాబాయ్? ఒకపక్క కొండ, ఇంకోపక్క పోర్టు, రైలు పట్టాలు. రిఫైనరీ ఉన్న మల్కాపురం వైపు నుంచి వచ్చేది ఎటు తిరిగినా ఇళ్ల మధ్య నుంచే వెళ్లాలి. మీరు మళ్లించే సందులో పిల్లలు పడుకుని ఉంటారు.

సూరిబాబు: అయితే ఊరి బయటే ఆపాలి. రెండు గంటలు ఆగితే ఏమవుతుంది?

శారద: యాభై ట్యాంకర్లు ఒకచోట ఆగితే ఏమవుతుందో మీరే చెప్పండి. 1997 సెప్టెంబరు 14 నాటి హెచ్‌పీసీఎల్ రిఫైనరీ మంటలు మీరు కళ్లారా చూశారు.

సూరిబాబు: ...చూశాను. వంటగ్యాస్ గాలికన్నా బరువు. నేలబారున పాకి, నిప్పు ఉన్న చోటికి చేరుతుంది. అందుకే అంటున్నాను, తవ్విన గొయ్యి పక్కన దాన్ని ఆపవద్దని. లీకయితే ముందు దిగేది గొయ్యిలోకే, అక్కడ మనుషులు ఉంటారు.

శారద: ఈ మాట ఒప్పుకుంటాను. గొయ్యి వెంబడి బండ్లు ఆగకుండా సిగ్నలును వెనక్కి జరపవచ్చు.

సూరిబాబు: జరపాలి. బారికేడు దగ్గర జెండా పట్టుకునే మనిషికి బండిలో ఏ పదార్థం ఉందో చెప్పే నంబరు చదవడం నేర్పాలి. నారింజ పలక ఉంటుంది కదా, 1989 మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది. 1203 అంటే పెట్రోలు. 1075 వంటగ్యాస్. 1017 క్లోరిన్. పైన ఇంకో కోడు ఉంటుంది, పెట్రోలుకు 3వైఈ. మూడు అంటే నురుగుతో ఆర్పాలి. చివర ఇంగ్లీషు 'ఈ' ఉందంటే చుట్టుపక్కల వాళ్లను ఖాళీ చేయించే ఆలోచన చేయాలి. అయిదు నిమిషాల్లో నేర్పవచ్చు. మొన్న ఒక బండికి పలక నిండా బురద. క్లీనరును పిలిచి తుడిపించాను, నంబరు కనపడే దాకా కదలనివ్వలేదు.

శారద: ఏ నంబరు?

సూరిబాబు: 2055.

శారద: ...స్టైరీన్.

సూరిబాబు: నీకు గుర్తుంటుందని తెలిస్తే చెప్పేవాణ్ణి కాదమ్మా.

శారద: పరవాలేదు. 2020 మే 7, ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి ఆ స్టైరీన్ ఆవిరి లీకైన రోజు. తెల్లవారుజామున మూడు గంటల వేళ. మేము గోపాలపట్నంలోనే ఉన్నాం. అమ్మ తలుపు సందుల్లో తడి బట్టలు కుక్కింది. బయట జనం పరుగెడుతున్నారు, ఎటు పరుగెత్తాలో ఎవరికీ తెలియదు. గాలి ఎటు వీస్తోందో తెలిస్తే కొందరైనా అడ్డంగా తప్పుకునేవారు. 12 మంది పోయారు. ఆ పదార్థం పేరు ఫ్యాక్టరీ లోపల రాసి ఉంది. గోడ ఇవతల ఎవరికీ తెలియదు.

సూరిబాబు: అందుకే ప్రతి సైటులో ఒక కర్రకు రిబ్బను కట్టమంటాను. పగలు సముద్రం గాలి, రాత్రి అది తిరుగుతుంది. పగలు చెప్పిన దారి రాత్రికి పనికిరాదు.

శారద: రిబ్బను రాసుకుంటున్నాను. నాలుగోది, ఎవరికి ఫోను చేయాలి. 112, అగ్నిమాపక శాఖకు 101. పలక మీద కంపెనీ ఫోను నంబరు కూడా ఉంటుంది. మ్యాన్‌హోల్ గురించి చెప్పనే లేదు మనం.

సూరిబాబు: అందులోకి మనిషి దిగకూడదు. అందులోని విషవాయువు కుళ్లిన గుడ్ల వాసన ఆగిపోయిందంటే గాలి బాగుపడిందని కాదు, ముక్కు మొద్దుబారిందని. ఒకడు పడిపోతే ఇంకొకడు వెంటనే దూకుతాడు, అక్కడే రెండో ప్రాణం పోతుంది.

శారద: దానికి ఒక పూర్తి ఎపిసోడు పెడదాం.

సూరిబాబు: పెట్టు. ఆ పారతో తవ్వే సంగతి నువ్వు సరిగా చెప్పనివ్వలేదు. మీటరు వెడల్పు అన్నాను కదా, లోతు...

శారద: బాబాయ్, కింద ఎవరో హారను కొడుతున్నారు. మీ బండే అడ్డంగా ఉన్నట్టుంది.

సూరిబాబు: లోతు గొట్టం కనపడే దాకా. వస్తున్నానండీ! ఒక్క నిమిషం!