స్పీకరు కొనేటప్పుడు ఏ అంకె చదవాలి, ఏ చెక్క చూడాలి
(విజయనగరంలో సంగీతాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

1919లో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారిని తొలి ప్రిన్సిపాల్‌గా నిలుపుకున్న ఊరు మనది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ విన్న ఊరు, ఘంటసాల గారు పాఠాలు నేర్చుకున్న ఊరు. ఇక్కడ గాయకుడి శ్రుతి కాస్త జారితే చివరి వరుసలో ఉన్నవారికి కూడా తెలిసిపోతుంది. ఇంత మంచి చెవులున్న మనం ఇంటికి స్పీకర్లు కొనడానికి వెళ్లి, అట్టపెట్టె మీది పెద్ద అంకెను చూసి డబ్బు కట్టి రావడం నాకు బాధ కలిగిస్తుంది. ఆ అంకెల్లో నిజంగా పనికొచ్చేవి ఉన్నాయి. అయితే ప్రతి అంకె వెనుకా ఒక షరతు ఉంటుంది. దాన్ని అడిగి తెలుసుకోవాలి.

ముందు వాట్ల సంగతి తేల్చేద్దాం. మన గోడకుండే మామూలు ప్లగ్గు 6 ఆంపియర్లది. 230 వోల్టులతో గుణిస్తే 1,380 వాట్లు. ఆ ప్లగ్గుకు తగిలించే పెట్టె మీద పీఎంపీవో, అంటే క్షణకాలపు గరిష్ఠ శక్తి, 10,000 వాట్లని రాసి ఉంటే ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? పీఎంపీవోకు అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతంటూ లేదు. ఆ అంకెను వదిలేసి, ఆర్ఎంఎస్, అంటే నిలకడ శక్తి, అని ఉన్నదాన్ని చదవండి. అది కూడా స్పీకరు ఎంత శక్తిని తట్టుకుంటుందో చెబుతుందే తప్ప, ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పదు.

గట్టిదనాన్ని చెప్పేది సెన్సిటివిటీ. స్పీకరుకు 2.83 వోల్టులు ఇచ్చి, మీటరు దూరంలో ధ్వని గట్టిదనం ఎన్ని డెసిబెల్స్ ఉందో కొలుస్తారు. 84 ఉన్న స్పీకరు, 90 ఉన్న స్పీకరు పక్కపక్కనే ఉన్నాయనుకోండి. తేడా ఆరే కదా అనిపిస్తుంది. కాని మూడు డెసిబెల్స్ పెరగాలంటే శక్తి రెట్టింపు కావాలి. అంటే రెండోది 10 వాట్లతో పలికే గట్టిదనం కోసం మొదటిదానికి 40 వాట్లు కావాలి. మీ ఇంట్లో ఆంప్లిఫయర్ చిన్నదైతే వాట్ల కన్నా ముందు చూడవలసిన అంకె ఇదే.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది, ఓంలు. కరెంటుకు స్పీకరు చూపే అడ్డుకు అది కొలత. 2.83 వోల్టులు 8 ఓంల స్పీకరుకు ఒక వాటు అవుతాయి, 4 ఓంల స్పీకరుకు రెండు వాట్లు అవుతాయి. కాబట్టి 4 ఓంల స్పీకరు మీద 89 డెసిబెల్స్ అని ఉంటే, ఒక వాటుకు లెక్కవేస్తే అది 86 మాత్రమే. కాగితం మీద రాసినది అబద్ధం కాదు. రెండిటినీ ఒకే తూకంలో పెట్టుకునే పని మాత్రం మనదే. ఓంల అంకె కూడా ఒకచోట నిలిచి ఉండేది కాదు, స్వరం మారినకొద్దీ మారుతుంది. పెట్టె మీద రాసేది పేరుకు ఒక విలువ. మీ ఆంప్లిఫయర్ వెనుక 8 ఓంలకు తగ్గకూడదని ఉంటే 4 ఓంల స్పీకరు తగిలించకండి, ఆంప్లిఫయర్ వేడెక్కిపోతుంది.

అసలు నేను ఎక్కువ మాట్లాడాలనుకున్నది ఫ్రీక్వెన్సీ గురించి. ధ్వని సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే లెక్క అది, దాని కొలత హెర్ట్జ్. అంకె తగ్గినకొద్దీ స్వరం మంద్రం. 'నలభై నుంచి ఇరవై వేల హెర్ట్జ్' అని రాసి వదిలేస్తే దానికి అర్థం లేదు. ఆ నలభై దగ్గర ధ్వని ఎంత తగ్గిపోయిందో చెప్పాలి. ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్ అని పక్కన ఉంటే, ఆ మేర అంతటా ఏ స్వరమూ మూడు డెసిబెల్స్‌కు మించి పైకీ కిందికీ పోలేదని అర్థం. పది డెసిబెల్స్ తగ్గిన చోటును హద్దుగా రాసేవారూ ఉన్నారు. అప్పుడు అంకె అందంగా కనిపిస్తుంది, మంద్రం మాత్రం వినిపించదు.

మన సంగీతానికి ఎంత లోతు కావాలి? ఒకటి శ్రుతిలో పాడే గాయకుడి మధ్యస్థాయి షడ్జం సుమారు 131 హెర్ట్జ్. తంబురాలో మంద్ర షడ్జం అందులో సగం, 65. కనుక 60 దాకా నిజాయితీగా దిగే స్పీకరు కచేరీకి చాలు. సినిమాలో పేలుళ్లు కడుపులో వినిపించాలంటే 40 కిందికి దిగాలి, దానికి సబ్‌వూఫర్, అంటే మంద్రానికే ప్రత్యేకించిన స్పీకరు, వేరే కొనుక్కోవచ్చు. గొంతు వినడానికి వచ్చినవారు పేలుడుకు డబ్బు పోయనక్కరలేదన్నది నా అభిప్రాయం.

ఇక చెక్క పని. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి వీణ చేస్తారు. తీగ కదిలితే ఆ చెక్క కూడా పాడాలి, అందుకే పనస. స్పీకరు పెట్టె పని దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. పాడవలసింది కోన్, అంటే స్పీకరులో కదిలే గరాటులాంటి పొర, మాత్రమే, చెక్క మౌనంగా ఉండాలి. పెట్టె తానూ పాడితే ద్వారం వారి కమానులో లేని రంగు మన గదిలో చేరుతుంది. వేలి కణుపుతో పెట్టె పక్క పలకను తట్టండి. డొల్లగా మోగితే పలక పలుచన, లోపల అడ్డబద్దలు లేవు. పొట్టిగా, మొద్దుగా శబ్దం వస్తే మంచిది. ఈ మౌనం కోసమే చాలామంది తయారీదారులు టేకు, రోజ్‌వుడ్ దిమ్మలు వదిలి ఎండీఎఫ్, అంటే చెక్క పీచును జిగురుతో ఒత్తి చేసిన పలక, వాడతారు. దానికి చార ఉండదు, అన్ని వైపులా ఒకే దట్టం.

పైపూత వల్ల ధ్వని దాదాపు మారదు. మారేది అందం, ధర, ఆయుష్షు. ఆయుష్షు మాట మన తీరప్రాంతంలో గట్టిగా పట్టించుకోవాలి. భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా సముద్రపు గాలే. ఎండీఎఫ్‌కు తేమ శత్రువు, నీరు పీలిస్తే ఉబ్బి మళ్లీ సర్దుకోదు. చవకైన వినైల్ కాగితం అంచుల దగ్గర లేస్తుంది, అక్కడి నుంచే తేమ లోపలికి దారి చేసుకుంటుంది. లామినేట్ గట్టిదే కాని మూలల అతుకులు చూడాలి. నిజమైన చెక్క పొర, అంటే వెనీర్, చూడముచ్చటగా ఉంటుంది. పలకకు లోపలి వైపు కూడా పొర అంటించారా అని అడగండి. ఒకవైపే అంటిస్తే తేమకు పలక వంగే ప్రమాదం ఉంది. కిటికీ ఎండ నేరుగా పడితే వెనీర్ రంగు మారుతుంది, జత స్పీకర్లలో ఒక్కదాని మీదే ఎండ పడితే రెండూ రెండు రంగులవుతాయి. అద్దంలా మెరిసే నల్లని లాకర్ పూతను, అంటే వార్నిష్ లాంటిదాన్ని, చాలాసార్లు పూసి, అరగదీసి, పాలిష్ పెట్టి తెస్తారు. అందుకే ఖరీదు. అయితే ప్రతి వేలిముద్రా, ప్రతి గీతా అందులో కనబడుతుంది. చిన్నపిల్లలున్న ఇంటికి నేను మెరుపు తక్కువ సాటిన్ పూతనే చెబుతాను.

నేల మీద నిలిపే స్పీకర్లకు ఇంకో జాగ్రత్త. మన ఇళ్లలో రోజూ నేల తడిగుడ్డతో తుడుస్తాం. పెట్టె అడుగు పూత లేకుండా నేలకు ఆనుకుంటే అక్కడే ఉబ్బడం మొదలవుతుంది. కింద కాళ్లున్నవే తీసుకోండి, వర్షాకాలంలో చెమ్మ పట్టే గోడకు జానెడు దూరంగా ఉంచండి. కోన్ చుట్టూ ఉండే అంచు ఫోమ్‌దైతే తేమకు పొడిపొడి అవుతుంది, రబ్బరు అంచు ఎక్కువ కాలం నిలుస్తుంది. వెనుక వైరు బిగించే టెర్మినళ్లు ఉప్పుగాలికి నల్లబడతాయి. పొడిగుడ్డతో తుడిచి మళ్లీ బిగించండి.

మీ స్పీకర్ల వెనుక అంటించిన చీటీ ఫొటో తెమ్మని ముందే చెప్పాను కదా. తెచ్చినవారు ఇలా ముందుకు రండి, ఒక్కొక్కటీ కలిసి చదువుదాం.