అగ్గిపెట్టెలో ఇమిడే పుస్తకం

వ్యాఖ్యాత: నమస్కారం. ఇప్పుడు నా అరచేతిలో ఉన్న పుస్తకం అగ్గిపెట్టెలో సులువుగా ఇమిడిపోతుంది. దీని అట్టల మీద మామిడి పిందెల తీగ ఎంత సన్నగా ఉందంటే, ఇంత చిన్న గీత చేతికి ఎలా లొంగిందో నాకు అర్థం కావడం లేదండీ.

అతిథి: చేత్తో గీయలేదండీ. పది సెంటీమీటర్ల పొడవు, ఏడు సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ప్లాస్టిక్ రేకు మీద మామూలు రబ్బరు స్టాంపుతో ముద్ర వేసి, ఓవెన్‌లో సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వేడిలో రెండు మూడు నిమిషాలు ఉంచాను. అది నాలుగు సెంటీమీటర్లకు ముడుచుకుంది, బొమ్మ కూడా దానితోపాటే చిన్నదైంది.

వ్యాఖ్యాత: ప్లాస్టిక్ కరగకుండా ముడుచుకోవడం ఏమిటండీ?

అతిథి: ఇది పాలీస్టైరీన్. తయారు చేసేటప్పుడు వేడి మీద అన్ని వైపులా సాగదీసి, అలాగే చల్లారుస్తారు. మళ్ళీ వేడి తగిలినప్పుడు అందులోని పొడవాటి అణువుల గొలుసులు తిరిగి చుట్టుకుంటాయి. పదార్థం ఎక్కడికీ పోదు కనుక తగ్గిన వైశాల్యమంతా మందంగా మారుతుంది. పావు మిల్లీమీటరు రేకు ఒకటిన్నర మిల్లీమీటర్ల గట్టి అట్ట అవుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, బ్రూక్‌ఫీల్డ్‌లో బెట్టీ మోరిస్, కేట్ బ్లూమ్‌బర్గ్ అనే ఇద్దరు మహిళలు 1973లో దీన్ని ష్రింకీ డింక్స్ పేరుతో పిల్లల ఆటవస్తువుగా తెచ్చారు. పుస్తకాలకు అట్టగా ఇది ఇంత బాగా కుదరడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

వ్యాఖ్యాత: కొత్తగా మొదలుపెట్టేవారు ఎక్కడ పొరబడతారు?

అతిథి: సిరా దగ్గర. ఆఫీసు స్టాంపు ప్యాడ్ సిరా ఈ నున్నటి రేకు మీద ఆరదు, వేలు తగిలితే చెరిగిపోతుంది. ప్లాస్టిక్ మీద నిలిచే సిరా వాడాలి. రంగు పెన్సిళ్ళు వాడాలంటే ముందుగా సన్నని ఉప్పు కాగితంతో రేకును గరుకు చేసుకోవాలి. ముడుచుకున్నాక రంగులు చిక్కబడతాయి కనుక లేతగానే వేయాలి. రంధ్రాలు కూడా ముందే వేసుకోవాలి; మందమైన అట్టకు తరువాత పంచ్ దిగదు. ఆరు మిల్లీమీటర్ల రంధ్రం రెండున్నరకు దగ్గరగా మిగులుతుంది, దారానికి అది చాలు.

ఇంకొక విషయం నేను నష్టపోయి నేర్చుకున్నాను. రేకు నిలువునా అడ్డంగా ఒకేలా ముడుచుకోదు. నా మొదటి పుస్తకానికి ఒక అట్టను నిలువుగా, రెండవదాన్ని అడ్డంగా కత్తిరించడంతో వెనక అట్ట రెండు మిల్లీమీటర్లు పొడవుగా వచ్చింది. ఆ జతను కుట్టడానికి మనసొప్పలేదు. అప్పటినుంచి రేకు మూలన పెన్సిల్‌తో బాణం గుర్తు వేసుకుని, రెండు అట్టలనూ ఒకే దిశలో కత్తిరిస్తున్నాను.

వ్యాఖ్యాత: ఓవెన్‌లో అది మెలికలు తిరుగుతుందని విన్నాను.

అతిథి: చేతులు ముడుచుకున్న పసిపాపలా ఒక్కసారిగా చుట్టుకుంటుంది, చూసేవారికి గుండె జారిపోతుంది. కంగారుపడి బయటకు తీయకూడదు, దానంతట అదే విప్పుకుంటుంది. పూర్తిగా పరుచుకున్నాక తీసి, వేడి తగ్గకముందే బేకింగ్ కాగితం కప్పి, చదునైన బరువు పెట్టాలి. కిటికీలు తెరిచి ఉంచడం మరవకూడదు.

వ్యాఖ్యాత: ఈ రెండు పలకలు, రంధ్రం, దారం చూస్తుంటే తాళపత్ర గ్రంథం గుర్తుకొస్తోంది.

అతిథి: అవునండీ, ఆ చెక్క పలకల అమరికే నాకు ఆధారం. లోపల మాత్రం ఆకులకు బదులు మడతల కాగితం పెట్టాను. అట్టలు చల్లారాక కొలిచి, వాటికంటే ఒక మిల్లీమీటరు తక్కువగా కాగితం కోస్తాను. ఇందులో మా అమ్మమ్మ అడిగే పొడుపు కథలు రాస్తున్నాను: ఒక మడత మీద ప్రశ్న, విప్పితే జవాబు. ఇప్పటికి పదకొండు పూర్తయ్యాయి.