సారా ఇచ్చిన ల్యూట్

అందరికీ నమస్కారం.

నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు ఒక్క షరతు పెట్టాను. కథ చివరిదాకా చెప్పేస్తాను, తర్వాత ఎవరూ నన్ను తిట్టుకోకూడదు అని. 1987లో వచ్చిన గేమ్‌కి ఇంకా గుట్టేమిటి అనొచ్చు. కానీ దాన్ని ఈ వారమే మొదలుపెట్టిన కుర్రాడొకడు హాల్లో ఉన్నాడని ఇందాకే తెలిసింది. బాబూ, బయట టీ ఉంది. నిదానంగా తాగి రా.

మొదటి ఫైనల్ ఫాంటసీ అనే వీడియో గేమ్ గురించి నేను చెప్పబోయేది. స్క్వేర్ సంస్థ 1987 డిసెంబరు 18న జపాన్‌లో ఫామికామ్ కోసం, అంటే నింటెండో వాళ్ళ టీవీకి తగిలించే ఆట పెట్టె కోసం, విడుదల చేసింది. దర్శకుడు హిరోనొబు సకగుచి. అమెరికాకి 1990లో గానీ చేరలేదు. మనలో ఎక్కువమంది 2021లో మెరుగులు దిద్ది మళ్ళీ విడుదల చేసిన పిక్సెల్ రీమాస్టర్‌నే ఆడి ఉంటారు. నేను మొదటిసారి పూర్తి చేసిన రాత్రి ముగింపు చదివి, అర్థం కాక, నిద్రమత్తులో ఏదో పేజీ వదిలేశాననుకున్నాను. మర్నాడు మళ్ళీ చూశాను. ఏదీ వదల్లేదు. అక్కడున్నది అంతే.

ముందు మొదటి గంట గుర్తు చేసుకుందాం. మనం ఆడించే నలుగురు వెలుగు యోధులు కార్నేలియా రాజ్యానికి వస్తారు. రాజుగారి కూతురు సారాని గార్లండ్ అనే వీరుడు ఎత్తుకుపోయి, ఉత్తరాన కేయాస్ గుడిలో పెట్టాడు. ఒకప్పుడు ఆ కొలువులో నమ్మకస్తుడే, బుద్ధి వక్రించింది. మనం వెళ్తాం, కొడతాం, పడిపోతాడు. పాత గేమ్‌లో అతని హెచ్‌పీ, అంటే ఎన్ని దెబ్బలకి ఆగగలడో చెప్పే అంకె, 106. కాస్త లెవెల్ పెంచుకుని వెళ్తే నాలుగు దెబ్బల పని. రాజుగారు సంతోషించి వంతెన కట్టిస్తారు. సారా తమ వంశంలో వస్తున్న ల్యూట్‌ని, అంటే మన వీణలా తీగలు మీటే వాద్యాన్ని, మన చేతిలో పెడుతుంది. వంతెన దాటాకే గేమ్ పేరు తెర మీద పడుతుంది. అంటే గార్లండ్ చావు కథలోకి రాదు, కథకి ముందుమాట. మనం అలాగే అనుకుని ముందుకు పోతాం.

మధ్యలో ఉన్నదంతా వదిలేస్తున్నాను. నాలుగు స్ఫటికాలు, వాటి వెలుగు మింగిన నలుగురు రాక్షసులు, భూమికి లిచ్, నిప్పుకి మారిలిత్, నీటికి క్రాకెన్, గాలికి టియామాట్. ఒక్క లెక్క మాత్రం పట్టుకోండి. వీళ్ళందరూ ఒకేసారి రాలేదు. టియామాట్ వచ్చి 400 ఏళ్ళయింది, క్రాకెన్ వచ్చి 200 ఏళ్ళయింది. ఊళ్ళల్లో జనం ఈ సంగతి చెబుతూనే ఉంటారు, మనం వినకుండా కత్తుల కొట్టుకి పరిగెడతాం.

నాలుగు స్ఫటికాలూ వెలిగాక మళ్ళీ అదే కేయాస్ గుడికి రావాలి. అక్కడ గబ్బిలాలున్నాయి, గుర్తుందా? మొదటిసారి వెళ్ళినప్పుడు పలకరిస్తే కీచుమన్నాయి. ఇప్పుడు మాట్లాడతాయి. అవి గబ్బిలాలు కావట, ఆకాశ యోధులట. వెనకటికి లుఫేనియా అనే పాత జాతి వాళ్ళలోంచి ఐదుగురు ఈ గుడికి బయల్దేరి తిరిగి రాలేదు, వాళ్ళే వీళ్ళు. గుడి మధ్యలో నల్ల స్ఫటికం ఉంటుంది. దాన్ని ముట్టుకుంటే 2000 ఏళ్ళు వెనక్కి పోతాం. అదే గుడి, పాడుబడకముందు. కిందకి దిగుతుంటే ఆ నలుగురు రాక్షసులూ మళ్ళీ ఎదురవుతారు. అందరికన్నా అడుగున నిలబడి ఉన్నవాడు, మొదటి గంటలో మనం చంపిన గార్లండ్.

అతను చెప్పే మాటలు తెర మీద నాలుగైదు మాటల డబ్బాల్లో అయిపోతాయి. తెలుగులో చెప్పుకుంటే ఇదీ సారం. మీ చేతిలో నేను చావబోతుంటే ఆ నలుగురూ నన్ను 2000 ఏళ్ళ వెనక్కి పంపారు. ఇక్కడి నుంచి నేను ఆ నలుగురినీ భవిష్యత్తుకి పంపాను. 2000 ఏళ్ళు గడిచాక నాకివేవీ గుర్తుండవు, కానీ వాళ్ళు నన్ను మళ్ళీ ఇక్కడికే పంపిస్తారు. మళ్ళీ పుడతాను, నాకు చావు లేదు. ఇంతే చెప్పి కేయాస్‌గా, అంటే గేమ్‌లో ఆఖరి రాక్షసుడిగా, మారతాడు.

బోర్డు మీద గీస్తాను చూడండి. ఇదిగో గుండ్రం. కింద గతం, పైన వర్తమానం. కుడివైపు నుంచి రాక్షసులు పైకెక్కుతున్నారు, ఎడమవైపు నుంచి గార్లండ్ కిందకి దిగుతున్నాడు. వాళ్ళు లేకపోతే ఇతను కిందకి రాలేడు. ఇతను రాకపోతే వాళ్ళు పైకి వెళ్ళలేరు.

ఇక్కడ అందరూ అడిగేది ఒకటే: ముందు ఎవరు ఎవర్ని పంపారు? విత్తు ముందా, చెట్టు ముందా? గుండ్రానికి మొదలు వెతకొద్దంటాను నేను. ఆ గీత మీద మీరు వేలు పెట్టిన చోటే మొదలు. ఎవరైనా ఈ ప్రశ్న పట్టుకుని గేమ్ తప్పు అంటే నేను ఒప్పుకోను. నా లెక్కలో అసలు తప్పు వేరే చోట ఉంది, దాని దగ్గరికే వస్తున్నాను.

అంతకన్నా ముందు మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే తికమక ఒకటుంది. "మళ్ళీ పుడతాను" అని గార్లండ్ అంటే మన చెవికి పునర్జన్మ అని వినిపిస్తుంది. పునర్జన్మలో జన్మ మారుతుంది, ఒళ్ళు మారుతుంది, కాలం మాత్రం ముందుకే పోతుంది. ఇక్కడ అదేం లేదు. ఉన్నది ఒకటే జీవితం, దాన్ని వంచి రెండు కొసలూ ముడేశారు. మీరు మొదటి గంటలో కొట్టిన గార్లండ్‌కి తాను కేయాస్‌నని తెలియదు. చివర్లో కొట్టే కేయాస్‌కి మీరు బాగా తెలుసు. మీ దెబ్బ తిన్నాకే కదా ఇక్కడికొచ్చాడు! ఆ 106 హెచ్‌పీ చిన్న బాస్ మన మీద పగ పెట్టుకుని మనకన్నా 2000 ఏళ్ళు ముందే వచ్చి కాచుకుని కూర్చున్నాడు. పాత గేమ్‌లో కేయాస్ హెచ్‌పీ కూడా సరిగ్గా 2000. కావాలని పెట్టారని నేననను. కానీ చూసినప్పుడల్లా ఏడాదికొకటి చొప్పున కూడబెట్టుకున్నాడేమో అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. కేయాస్‌ని చంపుతాం. గుండ్రం తెగిపోతుంది. యోధులు తమ కాలానికి తిరిగి వెళ్తే, అక్కడ ఈ యుద్ధమే జరగలేదు. సారా ఉంది. గార్లండ్ కూడా ఉన్నాడు, కొలువులో మంచివాడుగా. రాక్షసులు రాలేదు, స్ఫటికాలు మసకబారలేదు.

బాగుంది. అలాగైతే ఆ ల్యూట్ సంగతేంటి?

పాత కాలపు గుడిలో కిందకి దారి తెరుచుకోవాలంటే ఒకచోట ల్యూట్ వాయించాలి. అది లేకపోతే కేయాస్ దాకా పోలేం. ఆ ల్యూట్ సారా మనకెందుకిచ్చింది? కాపాడినందుకు. ఎవరి నుంచి కాపాడాం? గార్లండ్ నుంచి. ముగింపులో గార్లండ్ ఆమెని ఎత్తుకుపోనేలేదు. అంటే సారా ల్యూట్ ఇవ్వలేదు, రాజుగారు వంతెన కట్టించలేదు, మనం దారి తెరవలేదు, కేయాస్ చావలేదు. తాతని చంపిన మనవడి చిక్కు ప్రశ్న అంటారే, అదంతా ఒక తీగల వాద్యంలో ఉంది ఇక్కడ.

నేను తేల్చుకున్నది ఇది. ఈ గేమ్ కాలానికి ఒక నియమం కాదు, రెండు నియమాలు పెట్టింది. గార్లండ్ మాట్లాడినంతసేపూ మొదటి నియమం: కాలం మూసుకున్న గుండ్రం, ఏదీ మారదు, వెనక్కి వెళ్ళడం కూడా ముందే జరిగిపోయిన సంగతే. కేయాస్ చచ్చిన క్షణం నుంచి రెండో నియమం: కాలం పలక లాంటిది, గతంలో తుడిస్తే ఇవాళ్టి రాత మారిపోతుంది. విడివిడిగా చూస్తే రెండూ సరైనవే. రెండిటినీ ఒకే కథలో కలిపి కుట్టారు, ఆ కుట్టు దగ్గర మన బుర్ర ఇరుక్కుంటోంది. ముగింపు అర్థం కాలేదని ఎవరైనా అంటే వాళ్ళు సరిగ్గానే చదివారని అర్థం.

ఇంకో వదులు కుట్టు కూడా చూపిస్తాను. రాక్షసుల్ని భవిష్యత్తుకి "పంపాను" అంటాడు గార్లండ్. కానీ వాళ్ళని మనం ఇప్పుడే మెట్ల దారిలో చంపొచ్చాం కదా! ఇంకా పంపలేదంటే గుండ్రం కేయాస్ చావకముందే తెగిపోయింది. పంపేశాడంటే ఇక్కడ చచ్చింది ఎవరు? ఎటు లాగినా దారం ఊడొస్తుంది. దీన్ని సరిచేయడానికి నేను ప్రయత్నించను.

అయినా ఈ ముగింపు నాకెందుకు నచ్చుతుందో చెప్పాలి. గార్లండ్ గతానికి పోవాలంటే మన చేతిలో ఓడిపోవాలి. అంటే గుండ్రం తిరిగిన ప్రతిసారీ మనం ఉన్నాం. ప్రతిసారీ మొదటి గంటలో అతన్ని కొట్టాం, చివరి గంటలో అతని చేతిలో చచ్చాం. అందుకే కదా గుండ్రం ఆగలేదు. ఇప్పుడు పాత కార్ట్రిడ్జ్, అంటే గేమ్ ఉండే ప్లాస్టిక్ డబ్బీ, సంగతి గుర్తు తెచ్చుకోండి. ఆ చివరి గుడిలో సేవ్ చేసుకునే వీలు లేదు. సేవ్ చేయాలంటే సత్రంలోనో బయట గుడారం వేసుకునో. కేయాస్ ముందు నలుగురూ పడిపోతే గేమ్ ఓవర్. మళ్ళీ మొదలుపెడితే గుడికి బయట, 2000 ఏళ్ళు ఇవతల నిలబడి ఉంటాం. గార్లండ్ తన గుండ్రంలో బతికున్నాడు. అతనికి పోయినసారి గుర్తు లేదు, యోధులకి గుర్తు లేదు. కంట్రోలర్ పట్టుకున్నవాడికి మాత్రం గుర్తుంది. ఏ మంత్రం వేస్తే తట్టుకోలేకపోయామో, ఎవరికి ముందు మందివ్వాలో. ఆ ఓడిపోయిన ఆటలన్నీ నా లెక్కలో కథ బయటివి కావు, గుండ్రం తిరిగిన సార్లు. పాత అమెరికా అనువాదంలో చివరి మాట యోధులతో కాదు, తిన్నగా ఆడుతున్నవాడితోనే అంటుంది, ఆ వీరుడివి నువ్వే అని. పిక్సెల్ రీమాస్టర్‌లో ఎక్కడపడితే అక్కడ సేవ్ చేసుకోవచ్చు. సుఖమే, కాదనను. కానీ ఈ సంగతి అందులో అంతగా తెలియదు.

ఇంత గొడవని ఇంకాస్త వివరంగా చెప్పొచ్చుగా అంటే, చోటు లేదు. కార్ట్రిడ్జ్ మొత్తం 256 కిలోబైట్లు. బొమ్మలు, సంగీతం, యుద్ధాలు, ఊళ్ళు అన్నీ అందులోనే. జపనీస్ పాఠంలో కంజి అనే చైనా నుంచి వచ్చిన అక్షరాలు కూడా లేవు, అంతా పలికినట్టు రాసే కానా లిపిలోనే రాశారు. ఇవాళ మీ ఫోన్లో ఒక మామూలు ఫొటో అంతకన్నా పెద్దది. 2000 ఏళ్ళ గుండ్రాన్ని నాలుగు డబ్బాల్లో చెప్పారంటే నేను తప్పు పట్టలేను.

చోటు దొరికాక ఏం చేశారో కూడా చూశాం. 2022లో ఇదే కథ మీద స్ట్రేంజర్ ఆఫ్ ప్యారడైజ్ అనే కొత్త గేమ్ వచ్చింది. గార్లండ్ ఎలా గార్లండ్ అయ్యాడో అందులో గంటలకొద్దీ చెప్పారు. అతని పేరు జాక్ అట, లుఫేనియా వాళ్ళ ఆటలు సాగనివ్వకుండా తెలిసి తెలిసి కేయాస్ అయ్యాడట. కొందరికి అది ప్రాణం. నాకైతే, ఎందుకు పాడయ్యాడో ఎవరూ చెప్పని ఆ పాత గార్లండే ఎక్కువ భయపెట్టాడు.

అదిగో, టీ తాగడానికి వెళ్ళిన కుర్రాడు తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నాడు. సరే బాబూ, ఎటూ విన్నావు కాబట్టి ఒక పని చెయ్యి. ఇంటికెళ్ళి గార్లండ్‌ని కొట్టేముందు, ఆ గుడిలో గబ్బిలాల్ని ఒక్కొక్కదాన్నీ పలకరించు. కీచుమంటాయంతే. ఎన్నున్నాయో లెక్కపెట్టు.

ఇక ప్రశ్నలుంటే అడగండి. బోర్డు మీద గుండ్రం చెరపకండి, దాంతో పనుంటుంది.