గుంటల పుస్తకం అంచు మీద

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కావలిలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, గ్రంథాలయం మేడమ్ గారికి, పరీక్షల టెన్షన్‌లో కూడా వచ్చిన పిల్లలకు, ముందు వరసలో కూర్చున్న మా మేనత్తకు నమస్కారాలు. అందరి పేర్లూ చెప్పాలని ఉంది గానీ నాకిచ్చింది పదిహేను నిమిషాలు.

ఈ మధ్య చదివినవీ విన్నవీ, మనసును కదిలించినవీ చెప్పమని పిలిచారు. నేను రచయితను కాను. ఇరవై ఏళ్ళుగా రొయ్యల గుంటలు చేస్తున్నాను. రాత్రి కాపలా నాదే. పొద్దు గూకితే నీళ్ళలో నాచు ఆక్సిజన్ ఇవ్వడం ఆపేస్తుంది. పీల్చుకోవడం మాత్రం ఏదీ ఆపదు. తెల్లవారుజాముకు ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైములో కరెంటు పోయి, నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే, వెంటనే జనరేటర్ వేయకపోతే, ఆ పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే కునుకు తీయకూడదు. నిద్ర ఆపుకోవడానికే మొదట చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను.

కొన్నాళ్ళు పాటలు విన్నాను. తర్వాత కిరణ్‌ప్రభ గారి టాక్ షోలు దొరికాయి. ఒక మనిషి జీవితాన్ని భాగాలు భాగాలుగా, మన పక్కన మంచం మీద కూర్చుని చెప్తున్నట్టే చెప్తారాయన. హర్షణీయం పాడ్‌కాస్ట్‌లో కథలు చదివి వినిపిస్తారు, రాసినవాళ్ళతోనూ అనువదించినవాళ్ళతోనూ తీరిగ్గా మాట్లాడతారు. దాసుభాషితం యాప్‌లో పుస్తకానికి పుస్తకమే వినొచ్చు. జవహర్ భారతిలో డిగ్రీ చదివిన మూడేళ్ళలో నేను తెరవని సాహిత్యాన్ని గుంట కట్ట మీద టార్చిలైటు పట్టుకుని తిరుగుతూ విన్నాను.

వినడం చదవడం ఎట్లా అవుతుందని ఒక మాస్టారు నన్నడిగారు. అయ్యా, మనది తిక్కన గారి నెల్లూరు. విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు ఆయన నోటితో చెప్తుంటే గురునాథుడు రాశాడని కదా మన పెద్దలు చెప్పుకుంటారు! ఒక పద్యం చివర మాట అందక ఆగిపోయి, "ఏమి చెప్పుదుం గురునాథా" అని రాసేవాడితోనే అన్నాడట. గురునాథుడు అదీ రాసేశాడు. తీరా చూస్తే పద్యం పూర్తయింది. సంజయుడు ధృతరాష్ట్రుణ్ణి కురునాథా అని పిలిచే చోటు అది, ముందు మాటతో కలిస్తే 'కు' 'గు' అవుతుంది. ఈ ఐతిహ్యం చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఇప్పుడు వింటే మాత్రం వేరేగా ఉంటుంది. మాట అందక ఆగిపోయినప్పుడు, ఆ ఆగిపోవడమే నోరారా పైకి అన్నాడు. వినేవాడు పక్కన ఉన్నాడు కాబట్టి అది కాగితం మీదికొచ్చింది. వినేవాడు లేకపోతే? దయచేసి ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇంగ్లీషువి కూడా నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుతున్నాను. ఆలివర్ బర్క్‌మన్ 2024లో తెచ్చిన 'మెడిటేషన్స్ ఫర్ మోర్టల్స్' నాకు బాగా పనికొచ్చింది. ఇరవై ఎనిమిది చిన్న అధ్యాయాలు, రోజుకొకటి, నాలుగు వారాలు. మోటారు షెడ్డులో రాత్రికొకటి చదివాను. అంతకుముందు పుస్తకం పేరులోనే ఆయన ఒక లెక్క చెప్పాడు, ఎనభై ఏళ్ళ బతుకంటే సుమారు నాలుగు వేల వారాలని. ఆ లెక్క చూడగానే నాకు మా అత్త గుర్తొచ్చింది. ఆమెకు ఎనభై రెండు.

ఇంకొకటి ఉంది. మరియా పొపోవా అనే ఆమె 2006లో, తను పనిచేసే చోట ఏడుగురికి ఈమెయిల్లో ఉత్తరం పంపడం మొదలుపెట్టింది. చదివిన మంచి విషయాలు వారానికోసారి. ఏడుగురంటే ఏడుగురే. అదే పెరిగి పెరిగి ఎన్నో దేశాల్లో చదివే ఉత్తరమైంది. 2021లో దాని పేరు 'ది మార్జినేలియన్' అని మార్చింది. పుస్తకం అంచుల్లో రాసుకునే మాటల్ని ఇంగ్లీషులో మార్జినేలియా అంటారు, అందులోంచి వచ్చిన పేరు. నిఘంటువులో ఆ అర్థం చూసిన రాత్రి నేను ఇక ముందుకు చదవలేకపోయాను.

ఎందుకంటే మా నాయన అదే పని చేసేవాడు.

నేను కాగితం మీద ఇంకో మూడు పుస్తకాలు రాసుకొచ్చాను. అవి జేబులోనే ఉండనివ్వండి.

మా నాయన టైగర్ రొయ్య కాలం మనిషి. గుంటల పుస్తకం అని పొడుగాటిది ఒకటి పెట్టేవాడు. తేదీ, మేత ఎన్ని కిలోలు, నీళ్ళ రంగు, ఉప్పు. ఆ గళ్ళ పక్కన అంచులో చిన్న అక్షరాలతో ఒక మాట రాసేవాడు. "నీళ్ళు ఈరోజు పెసరపచ్చగా ఉండాయి, అమ్మ కట్టుకునే కోక మాదిరి." ఇట్లాంటివి. ఆయన చదివింది ఐదో తరగతి. 1994, 95లలో రొయ్యలకు తెల్లమచ్చ వైరస్ వచ్చి ఈ తీరమంతా గుంటలు తుడిచిపెట్టుకు పోయినప్పుడు మాకూ పోయింది. నాయన మాట్లాడటం తగ్గించేశాడు. పుస్తకం రాయడం మాత్రం ఆపలేదు. గళ్ళు ఖాళీ, అంచు నిండుగా. "గుంటలో ఏం లేదు. కొంగలు అలవాటు కొద్దీ వచ్చి పోయినాయి." ఇది ఆయన రాసిందే.

ఆయన పోయాక, ఇంటికి సున్నాలు వేయించేటప్పుడు, ఆ పుస్తకాలన్నీ పాత పేపర్లతో పాటు నేనే కిలోల లెక్కన అమ్మేశాను. పదకొండు పుస్తకాలు. ఎన్ని రూపాయలొచ్చాయో కూడా గుర్తులేదు. ఇప్పటికీ మేత కొలుస్తుంటే ఆ సంగతి గుర్తొచ్చి చెయ్యి ఆగిపోతుంది.

మరి ఆ కొంగల మాట నాకెట్లా తెలిసింది? మా అత్త చెప్పింది. ఆమెకు చదువు రాదు. రాత్రి అన్నం పెట్టేటప్పుడు నాయన ఆ అంచు మాటలు ఆమెకు చదివి వినిపించేవాడట. వినేవాడు లేకపోతే అని ఇందాక అడిగాను కదా, మా నాయనకు ఆ వినే మనిషి మా అత్తే. పోయినేడు నేను ఫోన్లో ఒక కథ పెట్టి ఆమె చెవి దగ్గర ఉంచాను. మన కావలి వాడే, ఖదీర్ బాబు రాసిన దర్గామిట్ట కత, మన మాటల్లో ఉండేది. అది విని, "మీ నాయన కూడా ఇట్టనే రాసేవాడు గదరా" అని మొదలుపెట్టింది. ఒకటి కాదు, ముప్పై దాకా చెప్పింది. తేదీల్లేవు. మాటలున్నాయి.

సంతోషం పట్టలేక నేను ఆమెను ఒక ఊళ్ళో గ్రంథాలయానికి తీసుకెళ్ళాను, ఏ ఊరో చెప్పను. ఆడియో వినే సదుపాయం ఉందా అని అడిగాను. అక్కడున్న మనిషి ఆమె వైపు చూసి, "చదువు రానోళ్ళకు ఇక్కడేం పని?" అన్నాడు. ఆమె చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ముప్పై వాక్యాలు కంఠస్థంగా మోస్తున్న మనిషికి గ్రంథాలయంలో పని లేదా? ఆ గదిలో ఆ రోజు ఆమె కంటే పెద్ద పుస్తకం ఏముంది? చెప్పండి. పిల్లలూ, మీరు చెప్పండి.

కాబట్టి నేను వచ్చింది ఒకటి అడగడానికి. మేడమ్ గారూ, ప్రతి ఆదివారం సాయంత్రం ఈ హాలు ఒక గంట ఇప్పించండి. చదువు వచ్చినవాళ్ళు పైకి చదవాలి, రానివాళ్ళు తమకు తెలిసింది చెప్పాలి. నా ఫోన్లో రికార్డు చేస్తాను. పిల్లలు దాన్ని కాగితం మీద పెట్టి ఏడుగురికి పంపండి, చాలు. వాళ్ళలో ఒకరు మీ తాతో అవ్వో అయ్యుండాలి. మీ ఇంట్లో లెక్కల పుస్తకాలు, పాల చీటీలు, పొలం డైరీలు ఉంటే, అమ్మే ముందు అంచులు చూడండి. ఈ రాత్రే చూడండి.

మేడమ్ గారు తల ఊపారు. మీరందరూ చూశారు కదా.

మరి ఆదివారం దాకా ఎందుకు? ఫోన్ ఆన్ చేశాను. అత్తా, ఇట్టా రా, ఈ కుర్చీలో కూర్చో. మైకు నోటికి దగ్గరగా పట్టుకో. వాన పడిన రోజు నాయన రాసింది చెప్పు. నిదానంగా చెప్పు, ఎవరూ తొందరపెట్టరు.