చేప ఒక్కటే కదా!

వేదిక మీద ఉన్న పెద్దలకూ ఎదురుగా కూర్చున్న మీకూ నమస్కారం. పేర్లు చదవడం మొదలుపెడితే ఎవరో ఒకరిని మరిచిపోతాను, ఆ ఒక్కరే రేపు పొద్దున యూనివర్సిటీ గ్రౌండులో ఎదురవుతారు. అందుకని అందరికీ కలిపి ఒకే నమస్కారం. ఇవాళ గాంధీ జయంతి. కరపత్రంలో "గాంధీజీ - ఆహార నియమాలు" అని వేశారు. దానిమీదే మాట్లాడతాను గానీ, కొంచెం చుట్టు తిరిగి వస్తాను. ఓపిక పట్టండి.

మన వాకింగు బృందంలో చాన్నాళ్ళుగా ఒక వాదం నడుస్తోంది. మేము నడిచే దానికంటే అదే ఎక్కువ నడుస్తోంది. చేపలు తినేవాడు శాకాహారి అవుతాడా కాడా అని. ఒక మిత్రుడున్నాడు. పేరు చెప్పను, ఇక్కడే కూర్చున్నాడు. "నేను వెజిటేరియన్నే సార్, చేప ఒక్కటే తింటాను" అంటాడు. అదెట్లా కుదురుతుందయ్యా అంటే, "బెంగాలీ బ్రాహ్మలు తినడం లేదా?" అంటాడు. నేను జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి. చేప నాకు కంచంలో ఎప్పుడూ ఎదురుపడలేదు, ల్యాబులో ట్రేలోనే ఎదురుపడింది. కాబట్టి మాట్లాడే హక్కు నాకు సగమైనా ఉందనుకుంటాను.

బెంగాల్ సంగతే ముందు తేలుద్దాం. తింటారు, నిజమే. బెంగాల్లో తింటారు, మిథిలలో తింటారు, గోవా, కొంకణం వైపు సారస్వత బ్రాహ్మలు తింటారు. వివేకానందస్వామి చేప తిన్నారు, దాచుకోనూ లేదు. ఇక్కడిదాకా మా మిత్రుడి మాట సరే. కానీ అదే బెంగాల్లో భర్త పోయిన ఆడమనిషికి పాత ఆచారం ఏం చేసిందో తెలుసా? మాంసంతో పాటు చేపను కూడా మాన్పించింది. ఉల్లి, వెల్లుల్లి, ఆఖరికి మసూర్ పప్పు కూడా పనికిరాదంది. నిన్నటిదాకా పూటపూటా చేప తిన్న మనిషి, ఇంటిల్లిపాదికీ చేప వండిపెడుతూ తాను ముట్టకుండా బతకాలి. చేప కూరగాయతో సమానమే అయితే ఆ తల్లుల కంచాల్లోంచి ఎందుకు లాక్కున్నారండీ? అంటే, చేప మాంసాహారమేనని అందరికంటే బాగా తెలిసినవాళ్ళు బెంగాలీలే. తెలిసే తింటారు. మా వాడు పిలిచిన సాక్షి ఆయనకే ఎదురు తిరిగాడు.

అంత దూరం కూడా ఎందుకు, ఇది పెరటాసి నెల, వెంకన్నకు మొక్కుకునే తమిళ నెల. మన చిత్తూరు, తిరుపతి వైపు ఈ నెల మాట ఎత్తితే చాలు, కోళ్ళూ మేకలూ ఊపిరి పీల్చుకుంటాయి. శనివారం నామం పెట్టుకుని, స్వామికి నైవేద్యంగా తళిగ వేసి గోవిందా అనే ఇళ్ళు ఈ సభలో ఎన్ని లేవు? మిగతా పదకొండు నెలలూ సంగటిలోకి చేపల పులుసు కలుపుకుని, ఈవేళ కాచింది రేపటికి రుచి అని దాచుకుని తినేవాళ్ళే అందరూ. తప్పేం లేదు. నేను అడిగేది ఒక్కటే. పెరటాసి శనివారం పొయ్యి మీద చేపల పులుసు పెట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. మొహమాటం లేదు, ఎత్తండి. కరువాడైనా, అదే ఎండు చేపైనా సరే, ఎండిపోయింది కదా అని వేయించుకునేవాళ్ళు? చూశారా, ఒక్క చెయ్యి లేవలేదు. మా మిత్రుడిది కూడా లేవలేదు. అందరూ రాసుకోండి.

మరి "చేప మాంసం కాదు" అనే మాట ఎక్కడ పుట్టింది? క్యాథలిక్ క్రైస్తవులు శుక్రవారాలూ, ఈస్టరుకు ముందు ఉపవాస దినాలూ మాంసం మానుకుంటారు, చేప తినొచ్చు. అది ఒక ఉపవాస నియమం. దాన్ని పట్టుకుని మేము శాకాహారులం అని వాళ్ళెప్పుడూ అనలేదు. కాకపోతే నియమంలో సందు దొరికితే మనిషి ఊరుకుంటాడా? దక్షిణ అమెరికాలో కాపిబారా అని ఒక జంతువుంది. మన పందికొక్కుకు పెద్దన్న, పందంత ఉంటుంది, ఎక్కువసేపు నీళ్ళలో ఉంటుంది. నీళ్ళలో ఉంది కాబట్టి చేప లెక్కే అని వెనెజువెలాలో ఆ ఉపవాసాల్లో దాన్నీ తింటారు. ఎలుక జాతిని చేపను చేశారు! చేపను వంకాయ చేయడం దానిముందు ఎంత?

ట్రేలో చూసినవాడిగా రెండు మాటలు చెప్పాలి. చేపకు వెన్నెముక ఉంది, మెదడుంది, ఎర్రటి రక్తం ఉంది, రెండు గదుల గుండె ఉంది. 2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్ అనే ఆవిడ, ఆమె సహచరులు ట్రౌట్ చేపల పెదాల మీద పరిశోధన చేశారు. నొప్పి పుట్టించే దెబ్బను పసిగట్టే నాడులు అక్కడ ఉన్నాయని తేల్చారు. పెదవిలోకి ఆమ్లం ఎక్కిస్తే ఆ చేపలు తిండి మానేసి, పెదవిని అడుగున ఉన్న గులకరాళ్ళకు రుద్దుకున్నాయి. చేప అరవదు కాబట్టి దానికేమీ కాదని మనం అనుకున్నాం. అరిచే గొంతు ఉంటే ఈ వాదమే వచ్చేది కాదేమో.

ఇంకో పెద్దమనిషి నాగలాపురం తీసుకొస్తాడు. వేదనారాయణస్వామి మత్స్యావతారం కదా, చేపను తింటే దేవుణ్ణి తిన్నట్టే అని. స్వామీ, ఆ దారిన పోతే తిరుమల కొండ మీద మొదట దండం పెట్టేది వరాహస్వామికి. ఆ లెక్కలు నాకొద్దు. అయితే మార్చిలో ఆ గుడిలో మూడు రోజులు సూర్యుడి వెలుగు స్వామి పాదాల దగ్గర మొదలై పైకి పాకుతుంది. చూడనివాళ్ళు చూసి రండి. విషయానికి సంబంధం లేదు, ఊరికే చెబుతున్నాను.

ఇక గాంధీ. లండన్ పోయేముందు తల్లి దగ్గర ఒట్టు వేశాడు, మాంసం ముట్టనని. 1888లో పోయాడు. అక్కడ శాకాహారుల్లోనే మాంసం అంటే ఏమిటని మూడు రకాల లెక్కలు కనిపించాయి. జంతువులూ పక్షులే మాంసం, చేప తినొచ్చు అని కొందరు. ప్రాణమున్నదేదైనా మాంసమే, గుడ్డు ఫరవాలేదని కొందరు. పాలు, గుడ్లు కూడా కూడదని కొందరు. ఎవరో చెప్తే గుడ్లు కొన్నాళ్ళు తిన్నాడు కూడా. తర్వాత తెలివొచ్చింది. మొదటి లెక్క పట్టుకుంటే గుడ్డేమిటి, చేప కూడా తినొచ్చు. కానీ ఒట్టు పెట్టించుకున్నది మా అమ్మ, ఆమె మాంసం అని దేన్ని అనుకుందో అదే నాకు మాంసం అని తేల్చుకుని మానేశాడు. ఆ కుర్రాడికి అప్పటికి ఇరవయ్యేళ్ళు అటూ ఇటూ. నాకు గాంధీలో ఇంతకంటే నచ్చిన ఘట్టం లేదు.

అదే గాంధీ తర్వాత జారాడు కూడా. ఆవులనూ గేదెలనూ పాల కోసం పెట్టే హింస గురించి చదివి పాలు మానేశాడు. ఖేడా సత్యాగ్రహం తర్వాత జబ్బుపడి నీరసించిపోతే పక్కనున్న కస్తూరిబా, మేకపాలకు మీకు అభ్యంతరం ఉండదు కదా అంది. ఒట్టు వేసినప్పుడు మనసులో ఉన్నవి ఆవూ గేదే, మేక కాదు కదా అని తాగాడు. కానీ మాట మిగిలింది, దాని ప్రాణం పోయిందని తానే రాసుకుని బాధపడ్డాడు. తల్లి మాట దగ్గర దొరకని సందు తన మాట దగ్గర దొరికింది. చేప ఒక్కటే అనేవాళ్ళందరికీ ఒక మేక ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా అక్కకు కొన్నాళ్ళ కింద ఒంట్లో బాగాలేక ఒక డాక్టరు దగ్గర చూపించాం. ఏ ఊరు, ఏ ఆసుపత్రి అనేది వద్దు. బంగారు రంగు గొట్టాల మందు, అదే క్యాప్సూళ్ళు, రాశారు. అక్క పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా తాకని మనిషి. దుకాణంలో కుర్రాడిని "ఇందులో ఏమీ లేదు కదా నాయనా?" అని అడిగింది. "ఏం లేదమ్మా, వెజిటేరియనే, చేపనూనె ఒక్కటే" అన్నాడు. ఆ చివరి మాట మెల్లగా అన్నాడు, ఆమెకు వినపడలేదు. సీసా అయిపోవచ్చాక ఒకరోజు తేన్పులో కవుసు వాసన వస్తోందని సీసా తిప్పి చూసుకుంటే చేప బొమ్మ. గొడవ చెయ్యలేదు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. "అడిగాను కదరా, నోరు తెరిచి అడిగాను కదా" అని మాత్రం అన్నది. నాకు ఇప్పటికీ ఆ కుర్రాడి మీద కాదు కోపం, "ఒక్కటే" అనే మాట మీద.

అందులో ఉండే మంచి కొవ్వు చేప సొంతంగా వండుకున్నది కూడా కాదండీ. నీళ్ళలో ఉండే నాచు జాతి తయారుచేస్తుంది, చిన్న చేప దాన్ని తింటుంది, పెద్ద చేప చిన్న చేపను తింటుంది. ఆ నాచు నుంచే నేరుగా తీసిన నూనె దొరుకుతుంది. అడిగే మనిషికి అది చూపించవచ్చు. ఇక పైన గొట్టం దేనితో చేస్తారనేది కదిపితే ఈ సభ మధ్యాహ్నం దాకా సాగుతుంది. మన ఆహార నిబంధనల్లోనూ స్పష్టంగానే ఉంది: మంచినీటి జీవులూ, సముద్ర జీవులూ, గుడ్లూ మాంసాహారం కిందికే వస్తాయి, పాలు, తేనె లాంటి కొన్నిటికి మాత్రమే మినహాయింపు. ఆకుపచ్చ చుక్క చేపకు రాదు.

కానీ మా మిత్రుణ్ణి ఇంతసేపు ఆడిపోసుకున్నాను కదా, ఆయన ఎందుకు అట్లా అంటాడో కూడా చెప్పాలి. మొన్న దారిలో ఆయనే చెప్పాడు. తిరుపతిలో వాటా వెతుక్కుంటూ తిరిగితే గేటు దగ్గరే "మీరు తింటారా?" అని అడిగారట. అద్దె తర్వాత, తిండి ముందు. తింటాం అన్న చోటల్లా తలుపు పడింది. చివరికి ఒకచోట "మేం చేప ఒక్కటే, అదీ ఎప్పుడో" అన్నాడు. ఇల్లు దొరికింది. అప్పటినుంచి ఆ మాట నోట్లో స్థిరపడిపోయింది. ఆ గేట్లు ఎవరివి? మావి. మాలాంటి ముట్టని ఇళ్ళవి. అన్నగారు వెంకటేశ్వరస్వామికి కొండ మీద పులిహోర, చెల్లెలు, మన గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మకు జాతరలో కోళ్ళు. అన్న దగ్గరినుంచి చెల్లికి ఏటా సారె వస్తుంది. ఆ ఊళ్ళో ఉండి, గేటుకు "వెజిటేరియన్స్ ఓన్లీ" బోర్డు తగిలించి, ఎదుటివాడు అబద్ధం ఆడేదాకా నిలబెట్టి, మళ్ళీ అబద్ధమాడాడని ఇక్కడ మైకులో నేను ఎగతాళి చెయ్యడం!

అందుకని మందుల దుకాణాలవాళ్ళు ఎవరైనా ఉంటే, అడిగినప్పుడు చేప అనే మాట గట్టిగా అనండి. వంటవాళ్ళుంటే, చేప వేపుడు పెట్టిన గరిటె పప్పులో పెట్టకండి. ఇళ్ళున్నవాళ్ళు ఈ సాయంత్రం ఇంటికెళ్ళి ఆ బోర్డు దించండి. మా మేడమీద వాటా కూడా ఖాళీగానే ఉంది. కోడైనా చేపైనా వండుకోవచ్చు, నన్ను అడగక్కర్లేదు. నీళ్ళు మాత్రం రోజు విడిచి రోజు వస్తాయి, అది ముందే చెబుతున్నాను.