ఊహాన్ ల్యాబ్‌కి అమెరికా డబ్బు: హెడ్‌లైన్‌లో ఎంత, లెక్కలో ఎంత?

[స్క్రీన్ మీద: 37,00,000 డాలర్లు]

2020 ఏప్రిల్. వైట్‌హౌస్ ప్రెస్ మీట్‌లో ట్రంప్‌కి ఒక ప్రశ్న ఎదురైంది: కోవిడ్ పుట్టుకపై అనుమానాలున్న చైనాలోని ఊహాన్ వైరస్ ల్యాబ్‌కి అమెరికా 37 లక్షల డాలర్లు ఎందుకిచ్చింది? ‘ఆ గ్రాంట్ ఆపేస్తాం’ అన్నారాయన. వారానికే ఆపేశారు.

కానీ ఆ 37 లక్షలు న్యూయార్క్‌లోని ఎకోహెల్త్ అలయన్స్ అనే సంస్థకి కేటాయించినవి. అందులో ఊహాన్‌కి చేరింది ఐదేళ్లలో సుమారు 6 లక్షలు. పెళ్లి ఖర్చంతా వంటవాడి ఖాతాలో రాసినట్టు, మొత్తం అంకె ఒక్క ల్యాబ్ పేరు మీదే చలామణీ అయిపోయింది.

అయితే ఆ ల్యాబ్‌లో అమెరికా డబ్బుతో వైరస్ ప్రయోగాలు జరిగాయన్నది పుకారేనా? కాదండీ, అసలు కథ ఇక్కడే ఉంది.

[స్క్రీన్ మీద: ఎన్ఐహెచ్ లేఖ, 2021 అక్టోబర్ 20]

గ్రాంట్ ఇచ్చిన ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ నుంచే అమెరికా కాంగ్రెస్‌కి ఒక లేఖ వెళ్లింది. ఊహాన్‌లో గబ్బిలాల కరోనా వైరస్ ఒకటి తీసుకుని, దానికి ఇంకో గబ్బిలం వైరస్ స్పైక్ (కణాన్ని పట్టుకునే ముల్లు లాంటి ప్రొటీన్) తగిలించారు. మనిషి కణాల్లో ఉండే ఏసీఈ2 రిసెప్టర్ (వైరస్ లోపలికి దూరే తలుపు లాంటిది) పెట్టిన ఎలుకలకి ఎక్కించారు. మామూలు వైరస్ సోకిన ఎలుకల కంటే ఇవి ఎక్కువ జబ్బుపడ్డాయి. ఈ సంగతి ఎకోహెల్త్ వెంటనే చెప్పలేదన్నది లేఖలోని ఆరోపణ. మేం ఎప్పుడో చెప్పామని ఆ సంస్థ వాదన. 2019లో రావాల్సిన వార్షిక నివేదిక మాత్రం 2021 ఆగస్టులో వచ్చింది!

అదే లేఖలో ఇంకో మాట కూడా ఉంది: ఈ వైరస్‌లు కోవిడ్ వైరస్‌కి జన్యుపరంగా చాలా దూరం, వీటి నుంచి అది పుట్టే అవకాశమే లేదు.

ఇక చూడండి, ఎవరికి కావాల్సిన ముక్క వాళ్లు పట్టుకుపోయారు. ఒక వర్గానికి ఎలుకలు దొరికాయి, ఇంకో వర్గానికి ‘చాలా దూరం’ దొరికింది. అంతకు మూడు నెలల ముందు సెనేట్‌లో సెనేటర్ ర్యాండ్ పాల్, ఎన్ఐహెచ్‌లో అంటువ్యాధుల విభాగం అప్పటి అధిపతి ఫౌచీ అరుచుకున్నదీ ఇలాంటి గొడవే. వైరస్‌కి కొత్త శక్తి వస్తే అది ప్రమాదకర పరిశోధనే అని పాల్ అంటారు. ప్రభుత్వ నిబంధనల్లో రాసిన నిర్వచనంలోకి ఇది రాదని ఫౌచీ అంటారు. టీవీలో మిగిలింది కేకలే.

2025 జనవరిలో ఎకోహెల్త్‌కి ఐదేళ్లపాటు ప్రభుత్వ నిధులు బంద్. కారణం కోవిడ్ పుట్టించడం కాదు, నివేదికల్లో, పర్యవేక్షణలో లోపాలు. కోవిడ్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఇంకా తేలలేదు. ఆ ప్రయోగాల ల్యాబ్ నోట్‌బుక్స్ పంపమని ఎన్ఐహెచ్ అడిగింది. ఊహాన్ పంపలేదు.